ఆరు డబ్బాల అరిష్టం

మా జనగామలో బీరు తాగేవాళ్లు కొందరు, బీరు గురించి మాట్లాడేవాళ్లు కొందరు. మొదటి రకం వాళ్లు తాగి ఇంటికి పోయి పడుకుంటారు, వాళ్లతో లోకానికి ఏ బాధా లేదు. నేను రెండో రకం. బడిలో పిల్లలకు తెలుగు చెప్పుకునే పంతులును, నాకెందుకు చెప్పండి ఈ సంత! అయినా మా 'బీరు రసికుల సంఘం'లో పన్నెండేళ్లుగా సభ్యుడిని. సంఘమంటే పెద్ద గుంపేమీ కాదు. నలుగురం.

మా అధ్యక్షుడు జనగామలో ప్లాట్లు అమ్ముతాడు. ఎప్పుడో ఒకసారి ఐర్లండుకు పోయి పదకొండు రోజులుండి వచ్చాడు. ఆ పదకొండు రోజుల ముచ్చట పదకొండేళ్లుగా చెబుతున్నాడు, ఇంకా మూడో రోజు దగ్గరే ఉన్నాడు. రెండోవాడు భూపాలపల్లి అన్న, బొగ్గు గనిలో పని. మూడోవాడు మానుకోట సేటు, మిర్చి వ్యాపారి. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాసుకుంటారు గానీ ఆ ఊరివాళ్లు మానుకోట అనే అంటారు, మేమూ అంతే. నాలుగోవాణ్ణి నేను. బీరు మీద ఇంగ్లీషు మాటలుంటాయి చూడండి, బాడీ, ఫినిష్ అని, వాటికి తెలుగు మాటలు పుట్టించడం సంఘంలో నా పని. ఫినిష్‌కు 'కడపటి రుచి' అని పెట్టాను. కడపటి రుచి అంటే చచ్చేముందు తులసితీర్థం లెక్క ఉందని సేటు గొడవ చేశాడు.

మొన్న ఎండాకాలంలో ఎవడో పనిలేనివాడు పుట్టించిన ప్రశ్న ఒకటి మా వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది: 'బీరు ప్రియులు ఐరిష్ నల్ల బీరును ఇంకా ఇష్టపడుతున్నారా?' అంతే, అంటుకుంది. ఇప్పుడు హైదరాబాదులో మామిడికాయ బీరట, చింతపండు బీరట, పచ్చిమిర్చి బీరు కూడానట. ఇన్ని వచ్చాక ఆ పాతకాలపు నల్ల బీరు ఎవడికి కావాలని భూపాలపల్లి అన్న. అది బీరు కాదు, నాగరికత అని అధ్యక్షుడు. మూడు వారాలు కొట్టుకున్నాం. ఆ స్టౌట్ అనే నల్ల బీరును మా నలుగురిలో అధ్యక్షుడు తప్ప ఎవరూ కంటితో చూసిన పాపాన పోలేదు. చూడనిదాని మీద వాదించడం ఎంత హాయో, మీకు అనుభవం ఉండే ఉంటుంది.

చివరికి అధ్యక్షుడు ఎవరినో పట్టుకుని విమానాశ్రయం నుంచి ఆరు డబ్బాలు తెప్పించాడు. రెండు వారాల తర్వాత ఆదివారం పొద్దున జఫర్‌గఢ్ తోవలో ఉన్న ఆయన మామిడితోటలో నలుగురం కూర్చోవాలి, తాగి తీర్పు చెప్పాలి. అంతదాకా డబ్బాలు ఎవరింట్లో దాచాలి? అధ్యక్షుడి ఇంట్లో ఆయన భార్యే అధ్యక్షురాలు. సేటు ఇంట్లో బీరు పేరెత్తితే పసుపునీళ్లు చల్లుతారు. భూపాలపల్లి అన్న ఇంట్లో పెడితే ఆదివారందాకా ఆగవు. తిరిగి తిరిగి నా నెత్తిన పడ్డాయి.

నా ఇంట్లో అంతకంటే పెద్ద చిక్కుంది. మా అవ్వ, నన్ను కన్నతల్లి.

మాది తరిగొప్పుల దిక్కు పల్లె. అవ్వను పోయినేడు జనగామకు తెచ్చుకున్నాను. ఆమె ఒట్టు ఒకటుంది. మా బాపు సారా తాగి తాగి పోయాడు. బాపు పోయిన పదకొండో నాడు అందరి ముందు అవ్వ గడప మీద చెయ్యి పెట్టి అన్నది: "ఇగ ఈ ఇంట్లకు సీసా వస్తే నేను బువ్వ ముట్ట." అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఆనాటి నుంచి మా ఇంటి గడప లోపలికి సీసా రాలేదు. నా రసికత్వమంతా తోటల్లో, దాబాల్లో, అధ్యక్షుడి కారులో నడిచింది.

అవ్వకు ఎండాకాలం మొదట్లో జ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది గానీ తిండి పోయింది. "నోరు సప్పగున్నది బిడ్డా, బువ్వను సూస్తేనే డోకొస్తున్నది" అనేది. నెల రోజులు చెంచాలతో జావ, అంతే. దవాఖానకు తీసుకుపోతే గ్లూకోజు పెట్టారు, రక్తం చూశారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి "రోగమేం లేదు సార్, తింటలేదు, గదే రోగం. ఏదన్న చేసి తినిపియ్యండి" అన్నాడు. అవ్వ చేతి రెండు వెండి గాజులు మణికట్టు దగ్గర ఉండవలసినవి మోచేతి దాకా జారుతుండేవి. నాకు భయం వేసింది. నిజంగా భయమే, దాన్ని ఇంకో మాట అనలేను. అయినా నేను చేసిందేమిటి? వెనక గదిలో అవ్వ మంచం దగ్గరికి పళ్లెం పంపించి, ముందు గదిలో ఒక చేత్తో అన్నం, ఒక చేత్తో ఫోను పట్టుకుని నల్ల బీరు మీద కొట్లాడాను.

అట్లాంటి ఇంట్లోకి ఆరు డబ్బాలు తెచ్చాను. సీసా రావద్దన్నది గానీ డబ్బా రావద్దనలేదు కదా అని మనసుకు వ్యాకరణం చెప్పుకున్నాను. తెలుగు పంతులుకు ఆ మాత్రం సందు దొరకదా? పాత పేపరు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి ఫ్రిజ్ అడుగున పెడుతుంటే అధ్యక్షుడి ఫోను. "ఆఁ, ఐరిష్ స్టౌట్ జాగ్రత్తగానే ఉన్నది అన్నా" అన్నాను. మెల్లగా మాట్లాడటం నాకు పుట్టుకతో రాలేదు.

వెనక గదిలో నుంచి గొంతు వినిపించింది. "ఏంది బిడ్డా, అరిష్టం తెచ్చినవా?"

మా ఆవిడ వంటింట్లో నుంచి తొంగి చూసి "ఏందది? అరిష్టమా?" అన్నది. నాకు దేవుడే నోటికి మాట అందించినట్టయింది. "ఆఁ, అరిష్టమే. దశమూలారిష్టం. ఇప్పుడు డబ్బాలల్ల వస్తున్నది, ఫారిన్‌ది" అన్నాను. ఒక అబద్ధం ఆడితే అది అతికినట్టుండాలంటారు. ఇదైతే సిమెంటు పోసినట్టే అతికింది.

అవ్వ మొహం విప్పారింది. "నిన్ను కన్నప్పుడు మా నాయిన జఫర్‌గఢ్ పోయి వైద్యుని తాన అరిష్టం తెచ్చిండు. నల్లగ, సేదుగ, ఎనుకంగ జర తియ్యగ. గది తాగినంక గిన్నెడు బువ్వ తిన్న" అన్నది. నేను నవ్వి, ఫ్రిజ్ మూసి, బడికి పోయాను. బుద్ధి ఉన్నవాడెవడైనా ఆ డబ్బాలు అక్కడే వదిలి పోతాడా?

మరునాడు మూడో పిరియడులో మా ఆవిడ ఫోను. "అత్తమ్మ అడిగితే గా అరిష్టం దగ్గుమందు మూతతోని రెండు మూతలు పోసిన. మంచిగనే తాగింది. ఊకె చెప్తున్న."

అవ్వకు బీపీ గోళీలున్నాయి. పరగడుపున ఉన్నది. పైగా ఒట్టు ఉన్నది! ఎట్లా వచ్చానో తెలియదు, చాక్‌పీసు చేతిలోనే ఉంది, స్కూటర్ స్టాండు కూడా సరిగా తీయలేదు. వచ్చి అవ్వ మంచం మీదే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాడి చూశాను. నాకేం తెలుసు నాడి సంగతి? చూశాను. "ఎట్లున్నదే అవ్వా? కండ్లు తిరుగుతున్నయా?"

"నాకేమైంది? నువ్వే చెమటలు పెట్టుకున్నవ్. కూసో" అన్నది.

కదిలితే ఏమవుతుందోనని కదలకుండా కూర్చున్నాను. మా ఆవిడ అన్నం, పచ్చిపులుసు తెచ్చిపెట్టింది. అవ్వ నా మొహం చూస్తూ ఒక ముద్ద తిన్నది. రెండు తిన్నది. తర్వాత "జర తొక్కు ఎయ్యి" అన్నది. నెల రోజులు దవాఖాన మందులకు లొంగని అరుచి రెండు మూతల ఐరిష్ నల్ల బీరుకు లొంగింది! కండ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ క్షణంలో ఐర్లండు దేశం మొత్తానికి చేతులెత్తి మొక్కాను.

సాయంత్రం డాక్టరు దగ్గరికి పోయి, అవ్వ కొద్దిగా అరిష్టం తాగి అన్నం తిన్నదని సగం నిజం చెప్పాను. "తింటున్నది గద సార్, రెండు మూతలకు ఏం గాదు" అన్నాడు. ఇక చూడండి నా సేవ. నిజం బయటపడితే అవ్వ మళ్లీ బువ్వ ముట్టదు, ముట్టకపోతే ఏమవుతుందో ఆ జారే గాజులు చెబుతూనే ఉన్నాయి. అందుకని పోసే పని ఎవరికీ ఇవ్వలేదు. పొద్దున బడికి పోయేముందు నేనే పోసేవాణ్ణి, మధ్యాహ్నం బండి మీద వచ్చి నేనే పోసేవాణ్ణి. తిన్నదాకా పక్కనే కూర్చునేవాణ్ణి, వాంతి అవుతుందేమో, తల తిరుగుతుందేమో అని. ఊరికే కూర్చోలేక నేనూ అక్కడే తినడం మొదలుపెట్టాను. అవ్వ మా మేనమామ బర్రెను ఎట్లా పోగొట్టుకున్నాడో చెప్పేది. టేకుమట్లలో ఇచ్చిన చిన్నమ్మ పెళ్లిలో బూరెలు ఎట్లా మాడిపోయాయో చెప్పేది. నాకు ఆమె కడుపులోకి పోయే ముద్దల మీదే ధ్యాస.

తెరిచిన డబ్బా మూడోనాటికి వాసన మారేది. పారబోసి కొత్తది తెరిచేవాణ్ణి. ఖాళీ డబ్బా ఊపితే లోపల గోళీసోడా లెక్క ఒక గోళి గలగలమంటుంది. నురుగు కోసం పెడతారట. ఆ డబ్బాలను చప్పుడు కాకుండా గుడ్డలో చుట్టి దాచడానికే నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అట్లా శనివారం రాత్రికి అయిదు డబ్బాలు ఖాళీ. అవ్వ గాజులు మోచేతి నుంచి కిందికి దిగాయి. ఫ్రిజ్‌లో మిగిలింది ఒక్కటి. తెల్లారితే తీర్పు.

ఆ ఒక్కటీ అవ్వదే. అందులో నాకు రెండో మాట లేదు. మరి సంఘానికి ఏం పోయాలి? పోసేదేముంది, అరిష్టం పేరుతో ఇంట్లో బీరు పోస్తే, బీరు పేరుతో తోటలో అరిష్టం పోయాలి. న్యాయమన్నాక రెండు వైపులా ఉండాలి. పొద్దున్నే జనగామ స్టేషన్ దగ్గరి ఆయుర్వేదం దుకాణంలో పెద్ద సీసా దశమూలారిష్టం కొన్నాను, వైన్‌షాపులో నాలుగు స్ట్రాంగ్ బీర్లు కొన్నాను. ఇంట్లో నుంచి కవ్వం, గుడ్డలో దాచిన ఖాళీ డబ్బాలు తీసుకున్నాను. "తోటకు కవ్వమెందుకు?" అని మా ఆవిడ అడిగింది. "మజ్జిగ పోటీనా?" అన్నది. ఆమెకు తోట మాట చెప్పాను గానీ బీరు మాట చెప్పలేదు, ఆఁ అని స్కూటర్ తీశాను.

తోటలో మోటరు గది ఉంది. తీర్పు పక్షపాతం లేకుండా ఉండాలని అధ్యక్షుడు నియమం పెట్టాడు. గ్లాసులకు పేపరు చుట్టాలి, పోసేవాడు తాగకూడదు, చాటుగా పోయాలి. పోసేవాణ్ణి నేనే. ఆయన పెట్టిన నియమం నాకు వరమైంది. గదిలో తలుపు దగ్గరికి వేసి, రెండూ గిన్నెలో కలిపి, కవ్వంతో చిలికాను. నురుగు వచ్చింది చూడండి, మా పల్లె బర్రెపాలకు కూడా రాలేదు. మధ్యమధ్య నమ్మకం కోసం ఖాళీ డబ్బాలు ఊపాను. బయట నుంచి అధ్యక్షుడు "విన్నరా, గోళి చప్పుడు! గదే అసలు సరుకు" అంటున్నాడు.

గ్లాసులు పెట్టాను. రెండు నిమిషాలు ఎవరూ ముట్టవద్దన్నాడు అధ్యక్షుడు, నురుగు కూర్చోవాలట. ముగ్గురూ గ్లాసుల ముందు శవం లేస్తుందేమోనని చూసినట్టు చూశారు. తర్వాత ఆయన ఒక గుక్క తీసుకుని, కళ్లు మూసి, చాలాసేపు తెరవలేదు. నా పని అయిపోయిందనుకున్నాను.

"అబ్బ! ఐర్లండు మట్టి వాసన" అన్నాడు.

వేర్ల వాసన మట్టి వాసన కాక మల్లెల వాసన వస్తుందా? భూపాలపల్లి అన్న ఇన్నాళ్లూ నల్ల బీరుకు కాలం చెల్లిందని కొట్లాడినవాడు. ఆయన సగం గ్లాసు దించి, మూతి తుడుచుకుని, "నేను ఒప్పుకుంటున్ననే. గిది వేరే లెవల్. మా గనిల బొగ్గు కాలినట్టు ఒక రుచున్నది" అన్నాడు. సేటు ఒక్కడే రెండుసార్లు వాసన చూశాడు. మసాలా దినుసుల మధ్య పుట్టి పెరిగినవాడు, ముక్కు ఊరుకోదు.

"అన్నా, గిండ్ల పిప్పళ్లున్నయే" అన్నాడు.

అధ్యక్షుడు సేటును జాలిగా చూశాడు. "గవి పిప్పళ్లు గాదయ్యా, హాప్స్, బీరుల ఏసే సేదు పువ్వులు. నువ్వు ఎన్నడన్న ఐర్లండు పోయినవా?" అన్నాడు. సేటు పోలేదు. ఇక మాట్లాడలేదు. ముప్పై ఏళ్ల ముక్కు పదకొండు రోజుల పాస్‌పోర్టు ముందు ఓడిపోయింది.

తీర్మానం నేనే రాశాను, చక్కటి గ్రాంథికంలో: 'నేటికిని బీరు రసికుల హృదయములలో ఐరిష్ నల్ల బీరు స్థానము చెక్కుచెదరలేదు.' ముగ్గురూ చప్పట్లు కొట్టారు. తర్వాత కోడికూర మీద పడ్డారు. అధ్యక్షుడు మూడుసార్లు అన్నం పెట్టించుకుని "ఏందో ఇయ్యాల ఆకలి దంచుతున్నదిరా" అన్నాడు. దంచదా మరి!

ఆ సంబరంలో నేను గడియారం చూడలేదు. చూసేసరికి రెండు దాటింది. అవ్వ అన్నం వేళ పన్నెండున్నర. పన్నెండు రోజుల్లో మొదటిసారి తప్పాను. మిగిలిన అరిష్టం సీసా సంచిలో వేసుకుని ఉరికాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. "ఆఖరి డబ్బల ఉన్నది యాళ్లకే పోసిన. తాగింది. కని బువ్వ ముట్టలే" అన్నది.

లోపల పళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ముక్కలు అడుగుకు దిగాయి. అవ్వ గోడ దిక్కు తిరిగి పడుకుంది. మందు పనిచేయడం ఆగిపోయింది, మళ్లీ చెంచా జావ, మళ్లీ గ్లూకోజు! సంచిలో నుంచి అసలు అరిష్టం తీసి, మూతలో పోసి, నోటి దగ్గర పెట్టాను. "అవ్వా, లేవే. ఇది తాగు, కొత్తది."

లేచి వాసన చూసింది. నా మొహం చూసింది. "గిది అరిష్టం" అన్నది.

"అరిష్టమే."

"మరి గది?"

పిల్లలకు సంధులూ సమాసాలూ విడదీసి చెప్పే పంతులును, ఒక్క మాట కూడదీసుకోలేకపోయాను.

"మీ బాపు తోని ముప్పయేండ్లు ఏగిన. నా ముక్కుకు ఎర్క లేదనుకున్నవా? మొదటి మూతకే ఎర్క. అరిష్టం డబ్బల గోళి ఉంటదారా? నీకు ఫోన్ చెయ్యమని కోడలికి నేనే చెప్పిన."

వంటింట్లో మా ఆవిడ గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది.

"మరి ఒట్టు?" అన్నాను.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన" అన్నది అవ్వ. "తాగి పడ్డ మీ బాపు పక్కన పళ్లెం పట్టుకొని కూసునేదాన్ని, రెండు బుక్కలు తిన్నదాక. నా పక్కన ఎవలు కూసున్నరు బిడ్డా? నువ్వు ఫోన్ పట్టుకొని ముంగటర్రల, నేను ఎనుకర్రల. ఆ సేదు తాగితె నువ్వు ఉరికొచ్చి కూసుంటివి. తాగిన."

ఏడ్చాను. యాభై ఏళ్ల మనిషి ఏడిస్తే చూడటానికి బాగుండదు గానీ, ఏడ్చాను.

మంచం పక్కనున్న ఆఖరి డబ్బాలో మిగిలినది ఒక గ్లాసులో వంచింది అవ్వ. "గిది నువ్వు తాగు. నా ముంగటనే తాగు" అన్నది. తాగాను. పన్నెండేళ్ల రసికత్వంలో అసలైన ఐరిష్ నల్ల బీరు నేను నోట పెట్టడం అదే మొదలు.

"ఎట్లున్నది?"

బాడీ అనాలా, కడపటి రుచి అనాలా? "సేదున్నదే అవ్వా" అన్నాను.

"గంతేనా? నేను పన్నెండు దినాలు తాగిన" అని నవ్వి, పళ్లెం దగ్గరికి జరుపుకుంది. ముందు గదిలో నా ఫోను మోగడం మొదలుపెట్టింది. అధ్యక్షుడే అయి ఉంటాడు, మరో ఆరు డబ్బాల సంగతి. మా ఆవిడ ఇంకో రెండు పళ్లేలు తెచ్చి నేల మీద పెట్టి, తనూ కూర్చుంది. ఫోను మోగి మోగి ఆగింది. అవ్వ నా పళ్లెంలో పచ్చిపులుసు పోసి, "తిను, సల్లారింది" అన్నది.